బొమ్మ కనపడిన రోజూ, కనపడని రోజూ

ఆత్మకూరులో నేను పనిచేసిన కంప్యూటర్ సెంటర్ ఒక బట్టల కొట్టు మీద మేడగది. తొంభైల చివర్లో సంగతి. కింద షావుకారు గారి హోల్‌సేల్ బట్టల వ్యాపారం. పైన ఒకే ఒక్క కంప్యూటర్, ఒక ప్రింటర్, నేను. పెళ్లి శుభలేఖలు, బడుల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు తెలుగులో టైపు చేసి ఇవ్వడం నా పని. కంప్యూటర్లకు మంచి కాలం వస్తోందని ఎవరో చెబితే ఊళ్లో అందరికంటే ముందు కొన్నారు షావుకారు గారు. కొన్నారే కాని దాన్ని ముట్టుకోవడానికి భయం. మౌస్ పక్కన చెయ్యి పెట్టాల్సి వచ్చినా కాలుతున్న పెనం పక్కన పెట్టినట్టు పెట్టేవారు.

మాది ఉదయగిరి. నాయన అక్కడ బడిపంతులు. నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, ఆత్మకూరులో ఆస్పత్రి నర్సుగా ఉన్న మేనత్త ఇంట్లో దిగాను. అత్తకు డ్యూటీలు ఎప్పుడు పడతాయో తెలియదు. నేను వచ్చేసరికి ఇంటికి తాళం ఉండేది, తాళంచెవి పక్కింట్లో ఉండేది. పక్కింటావిడను తాళంచెవి అడగడానికి కూడా నాకు మొహమాటం. గుమ్మం ముందు నిలబడితే ఆవిడే చూసి ఇచ్చేది. శనివారం సాయంత్రం ఉదయగిరి బస్సు, ఆదివారం చర్చిలో, మా మాటలో గుడిలో, ఆరాధన, సోమవారం మొదటి బస్సుకు మళ్లీ ఆత్మకూరు. పుస్తకాలు చదవడం, డైరీ రాసుకోవడం తప్ప నాకు వేరే తోడు లేదు. చదువుతానని కూడా ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్ల ఎప్పుడూ పుస్తకంలో తల పెట్టుకుని కూర్చుంటే ఏదో జబ్బని అనుకునే మనుషులు మావాళ్లు.

షావుకారు గారికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున లక్ష్మీదేవి పటానికి దండం పెట్టందే కొట్టులో దేన్నీ తాకరు, ఎవరితోనూ మాట్లాడరు. కొట్టు తెరిచాక పైకొచ్చి, కంప్యూటర్ ఆన్ అవడం కూడా చూసి వెళ్లేవారు. స్విచ్ వేయగానే తెర మీద ఒక బొమ్మ వచ్చేది. నీలాకాశం, తెల్ల మబ్బులు. దాని వెనక మెషీన్ తన పని తాను చేసుకుని, చివరికి పేరు, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె చూపించేది. అక్కడ నా పేరు కొడితేనే లోపలికి పోనిచ్చేది.

ఒకరోజు ఆయన అన్నారు: "ఏంది పాపా ఇది, పొద్దున్నే మబ్బులు చూపిస్తాది? వానా పాడా. మనం అమ్మవారిని పెట్టుకోలేమా?"

"పెట్టొచ్చు సార్," అన్నాను. మెషీన్‌తో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. అందులో ఉంది. ఫలానా కొలతలో బొమ్మ గీసి, ఫలానా పేరు పెట్టి దాచితే మబ్బుల బదులు అదే వస్తుంది.

నాలుగు మధ్యాహ్నాలు మౌస్‌తో గీశాను. మాది బాప్టిస్టు కుటుంబం. ఇంట్లో పటాలు లేవు. కింద కొట్టులో ఉన్న క్యాలెండర్ తెచ్చుకుని చూసి గీశాను. తామరపువ్వు తేలిగ్గానే వచ్చింది. చేతులే కష్టం, అందులోనూ నాలుగు. రాలుతున్న నాణేలు గుండ్రంగా రాక ఒక మధ్యాహ్నమంతా పోయింది. క్యాలెండర్‌లో ముఖం మరీ బొద్దుగా అనిపించి, ముక్కు మటుకు మా అత్త ముక్కు పెట్టాను. ఎవరూ గుర్తుపట్టలేదు.

బొమ్మ మొదటిసారి తెర మీదికి వచ్చిన రోజు షావుకారు గారు చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వచ్చారు. చేతులు జోడించి, బొమ్మ ఉన్నంతసేపూ అలాగే నిలబడ్డారు. తర్వాత కింద పనిచేసేవాళ్లందరినీ పిలిచి, మెషీన్ ఆపి మళ్లీ వేయమన్నారు. కొట్టుకొచ్చిన వింజమూరు వ్యాపారి కూడా మెట్లెక్కి వచ్చాడు.

"ఎవురు గీసినారు దీన్ని?"

"ఎవురో ఏంది, మా పాపే."

మా పాప అన్నారు. ఆ రెండు మాటలు ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. ఇంకేమీ రాయలేదు. ఉదయగిరి వెళ్లినప్పుడు మాత్రం ఇంట్లో చెప్పలేదు. నాయన కోప్పడతారని కాదు. ఏమీ అనకుండా ఊరుకుంటారు. అది ఇంకా కష్టం.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత నెల్లూరు నుంచి ఇంజనీరు వచ్చి, అక్షరాలు ఇంకా అందంగా వచ్చే కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది మెషీన్ మొదలయ్యేటప్పుడే మెమరీలో తన చిన్న ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుంటుందని, లేకపోతే పనిచేయదని చెప్పి వెళ్లాడు.

మర్నాడు స్విచ్ వేశాను. షావుకారు గారు పక్కనే ఉన్నారు. అమ్మవారు వచ్చింది. ఆయన దండం పెట్టారు. పేరు అడిగే పెట్టె వచ్చింది. పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. తెర నల్లగా అయిపోయింది. పైన ఎడమ మూలలో ఒక చిన్న గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏం నొక్కినా కదలలేదు. ఆపి వేశాను. మళ్లీ అంతే.

"ఏమైంది పాపా?"

"తెలీదు సార్."

ఆయన దిగి వెళ్లాక మళ్లీ వేశాను. బాగానే నడిచింది. సాయంత్రం దాకా శుభలేఖలు కొట్టాను.

ఆ వారమంతా అదే వరస. ఆయన ఎదురుగా ఉంటే పేరు కొట్టగానే చచ్చిపోయేది. ఆయన సరుకుకు నెల్లూరు పోయిన రోజు ఒక్క తడవలో నడిచేది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక నేనొక్కదాన్నే వేసుకున్నా నడిచేది. నాకేమీ అర్థం కాక, తోచక, స్విచ్ వేసిన ప్రతిసారీ ఏం జరిగిందో డైరీలో రాయడం మొదలుపెట్టాను.

షావుకారు గారికి మాత్రం తనకు అర్థమైనట్టే అనిపించింది. మొదట మానిటర్‌కు గంధం, కుంకుమ పెట్టారు. ఒక నిమ్మకాయ దాని ముందు పెట్టారు. ఆ తర్వాత మెట్ల మీద నిలబడి, పైకి రాకుండా, "వెయ్యి పాపా, నేను రాను," అన్నారు. కాని మెట్ల మీద నుంచి తెర కనబడుతుంది కదా, మళ్లీ చచ్చిపోయింది.

ఇంజనీరు శనివారం వచ్చాడు. పాతికేళ్లుంటాయి, నడుముకు పేజర్. మెషీన్ విప్పి, మెమరీ పలకలు తీసి, బడిపిల్లలు వాడే రబ్బరుతో వాటి అంచులు రుద్ది మళ్లీ పెట్టాడు. వేస్తే, ఆగిపోయింది.

"ఏమ్మా, ఏం నొక్కినావు?"

"ఏం నొక్కలేదు సార్."

"ఏం నొక్కకుండా దానంతట అది చస్తాదా?"

"నొక్కేదేముండాదయ్యా," అన్నారు షావుకారు గారు. "పేరు కొడతాది, అది పోతాది. ఈ పాప ఒక్కతే ఉంటే నడస్తాది. నేను మెట్లెక్కితే చస్తాది. నాకే ఏదో చెడ్డ దశ పట్టుకున్నట్టుండాది."

ఇంజనీరు నవ్వాడు. "మీ దశ కాదన్నా. ఆ పిల్లే ఏందో చేస్తా ఉండాది. అడగండి."

నేను ప్రింటర్ పక్కన నిలబడి ఉన్నాను. షావుకారు గారు నా వైపు చూశారు. అడగలేదు. కాని చూశారు. ఆ చూపు నాకు కొత్త.

మదర్‌బోర్డు పోయిందని, సోమవారం పొద్దున పెట్టె మొత్తం నెల్లూరుకు తీసుకుపోవాలని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనని ఇంజనీరు తేల్చాడు. ఆ రెండు రాత్రులూ తనకు తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటానన్నాడు. అతను కిందికి దిగాక షావుకారు గారు నాతో అన్నారు: "అది వచ్చేదాకా నీకీడ పనేముండాది పాపా. ఊరికి పో. కబురు చేస్తా."

కబురు చేస్తామన్న చోటు నుంచి కబురు రావడం నేను ఎక్కడా చూడలేదు. ఆత్మకూరులో అత్త తప్ప నాకంటూ ఎవరూ లేరు, నిజమే. కాని ఉదయగిరిలో రోజంతా వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుతూ, నాయన హాజరు పట్టీలు శుభ్రంగా రాసిపెడుతూ ఉండటం తలుచుకుంటే బస్సులో ఊపిరాడలేదు. ఆ మేడగదిలో నేను ఒంటరిగా ఉన్నా, ఒక పని చేసే మనిషిగా ఉన్నాను. సంచిలో ఆ లావుపాటి పుస్తకం పెట్టుకుని వచ్చాను. ఎవరినీ అడగలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఏం మ్మే, టైపు పని ఎట్టుండాది?"

"బాగుండాది అవ్వా."

"సంతోషం. చిక్కిపోయినావు."

ఆ వారంలో నా పని గురించి నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను చెప్పింది అబద్ధం.

మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. కొండ వైపు నుంచి వేడిగాలి వస్తోంది. వసారాలో కూర్చుని డైరీ తెరిచాను. ఆయన వచ్చారు, ఆగిపోయింది. ఆయన రాలేదు, నడిచింది. కరెంటు పోయి వచ్చింది, నేనొక్కదాన్నే, నడిచింది. వరసగా అవే మాటలు. నేను కూడా ఆయన దశ మాట నమ్మేస్తానేమో అనిపించింది. అప్పుడు గురువారం దగ్గర ఆగాను. ఆ రోజు ఆయన రాలేదు. అయినా ఆగిపోయింది. స్విచ్ వేసి, గది ఊడ్చి వచ్చి పేరు కొట్టగానే ఆగిపోయిందని రాసుకున్నాను. ఈసారి కుర్చీలోనే కూర్చుని మళ్లీ వేశాను, నడిచింది.

చీపురు రెండు చేతులతో పట్టుకుని ఊడుస్తాను నేను.

అప్పుడు తట్టింది. నాకొక అలవాటు ఉంది. బొమ్మ వెనక మెషీన్ తాను చేసే పనులు ఒక్కొక్క లైనుగా రాసుకుంటూ పోతుంది. ఎస్కేప్ మీట నొక్కితే బొమ్మ పోయి ఆ లైన్లు కనబడతాయి. అవి చదవడం నాకిష్టం. అర్థమైనవి కొన్నే. అయినా, ఎవరో తమలో తాము మాట్లాడుకుంటుంటే తలుపు సందులోంచి విన్నట్టు ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు, ఆలోచన లేకుండానే, చెయ్యి దానంతట అది ఆ మీట మీదికి పోయేది. షావుకారు గారు దండం పెడుతున్నప్పుడు ఎలా నొక్కుతాను? ఊడుస్తున్నప్పుడు చెయ్యి ఖాళీ లేదు.

ఇంజనీరు అడిగినప్పుడు ఏం నొక్కలేదన్నాను. నిజంగానే ఆ మీట నాకు గుర్తుకు రాలేదు.

పుస్తకం తిరగేశాను. సాయంత్రం నాలుగు దాకా పట్టింది. చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంది. మొదట్లో వచ్చే బొమ్మ, బయటి కంపెనీల మెమరీ ప్రోగ్రాములు కొన్ని, ఒకదానికొకటి పడకపోవచ్చు. అలాంటప్పుడు ఒక ఫైలులో ఒక్క లైను రాసి బొమ్మ రాకుండా చేయాలి. బొమ్మ ఒక్కటే ఉన్న రెండు వారాలూ ఏ గొడవా లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన మర్నాడే మొదలైంది. పైకి ఆగిపోయేది పేరు కొట్టే చోట. అసలు తగాదా అంతకుముందే, బొమ్మ వెనక జరిగిపోతోంది.

కనిపెట్టిన సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఇది చెప్పాలంటే ఏం చెప్పాలి? మీరు లేనప్పుడల్లా అమ్మవారిని తెర మీద నుంచి తీసేస్తున్నానని చెప్పాలి. ఆ మాట చెప్పాల్సింది చర్చికి పోయే పిల్ల. లైన్లు చదవడానికి అని చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే మంచి మెషీన్ నెల్లూరు పోతుంది, దాంతో నేనూ పోతాను. చెబితే మెషీన్ ఉంటుంది. నేను ఉంటానో లేదో తెలియదు.

నాయన నిద్రలేచి వచ్చారు. "ఏంది మ్మే, అట్ట కూర్చోనుండావు?"

"ఏంలేదు నాయనా."

ఆయన ఇంకొకసారి అడిగితే చెప్పేసేదాన్నేమో. మంచినీళ్లు తాగి బయటికి వెళ్లారు.

సోమవారం మొదటి బస్సులో, చెప్పాల్సిన మాటలు తయారుచేసుకున్నాను. ఆత్మకూరు వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. మేడ ఎక్కితే ఇంజనీరు అప్పటికే వైర్లన్నీ పీకేశాడు. పెట్టె మీద పాత దుప్పటి కప్పి తాడు కడుతున్నాడు. షావుకారు గారు కుర్చీలో ఉన్నారు.

"సార్, అది విప్పండి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"కట్టినాను గదమ్మా," అన్నాడు ఇంజనీరు.

"బొమ్మ వల్ల సార్. అమ్మవారు కనపడిన రోజు ఆగిపోతోంది. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఎస్కేప్ నొక్కుతాను. అప్పుడు ఆగదు."

షావుకారు గారు అడిగారు: "నొక్కితే ఏమవతాది?"

"బొమ్మ పోతుంది సార్."

"యాడికి పోతాది?"

"తెర మీద నుంచి."

"దినామా?"

"మీరు లేనప్పుడు."

ఆయనకు కోపం వస్తుందని అనుకున్నాను. రాలేదు. ముఖం చిన్నబోయింది. "నీకిష్టం లేదని ఒక్క మాట చెప్పుంటే నేను గీయమంటానా పాపా? మీ పద్ధతి మీది. నాకు తెలవదా?"

"ఇష్టం లేక కాదు సార్. బొమ్మ వెనక వచ్చే లైన్లు చదువుకుంటాను."

ఇంజనీరు పకపకా నవ్వాడు. "లైన్లు చదవతాదంట! అదేమన్నా కథల పుస్తకమా?"

నాకు ఏడుపు వచ్చింది. ఏడవకుండా సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి అతని చేతికిచ్చాను. నవ్వుతూనే చదివాడు. రెండోసారి చదివేటప్పుడు నవ్వలేదు. తాడు విప్పి, వైర్లు మళ్లీ తగిలించాడు.

"నొక్కకుండా వెయ్యి," అన్నారు షావుకారు గారు. వేశాను. అమ్మవారు వచ్చింది. ఆయన దండం పెట్టారు. పేరు కొట్టాను, తెర నల్లబడింది.

"ఇప్పుడు నొక్కి చూపించు."

నా చెయ్యి ఆడలేదు. అది చూసి ఆయనే లేచి, కిటికీ వైపు తిరిగి, వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. "కానీ. నేను చూడను. నొక్కు."

నొక్కాను. బొమ్మ పోయింది. లైన్లు దొర్లాయి. పేరు కొట్టాను. లోపలికి పోయింది.

మూడుసార్లు అటు, మూడుసార్లు ఇటు. ప్రతిసారీ ఆయన కిటికీ దాకా నడవడం, మళ్లీ రావడం. చివరికి ఇంజనీరు అన్నాడు: "అన్నా, బోర్డు బాగానే ఉండాది. నా సాఫ్ట్‌వేర్‌కీ ఆ బొమ్మకీ పడలా. ఏదో ఒకటి తీసేయాల."

పెళ్లిళ్ల కాలం. కొత్త అక్షరాలు చూసి శుభలేఖలకు గిరాకీ పెరిగింది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. షావుకారు గారు నన్ను అడిగారు: "నువ్వు చెప్పు, ఏది తీద్దాం?"

ఏది చెప్పినా తప్పే అయ్యేది.

"బొమ్మ తీసెయ్," అని, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ లైను నేనే రాశాను. నాలుగు మధ్యాహ్నాలు గీసిన బొమ్మ అర నిమిషంలో పోయింది. ఇంజనీరు పెట్టె బయటి మూతకు స్క్రూలు బిగిస్తూ, నా వైపు చూడకుండా, "ఆ పుస్తకం నేనెప్పుడూ పూర్తిగా చదవలా," అన్నాడు.

పని నిలిచింది. ఊరికి పొమ్మన్న మాట మళ్లీ రాలేదు. కాని షావుకారు గారు పొద్దున పైకి రావడం మానేశారు. చూడటానికి ఏముందని వస్తారు? శుభలేఖల కాగితాలు కింద పనిచేసేవాళ్లతో పంపేవారు. నాలుగు రోజులకే ఊళ్లోకి మాట పోయింది. కార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగేవాళ్లు: "ఏం అమ్మాయ్, అమ్మవారిని తీసేసినావంట?" కొందరు నవ్వుతూ, కొందరు నవ్వకుండా. ఒకాయన ప్రూఫు కూడా చూడకుండా, వింజమూరులో కొట్టించుకుంటామని కాగితం వెనక్కి తీసుకుపోయాడు. మెమరీ ప్రోగ్రామ్ అని నేను మొదలుపెట్టేసరికి ఎదుటి మనిషి చూపు గడియారం మీదికి పోయేది. కొన్నాళ్లకు మొదలుపెట్టడం కూడా మానేశాను. ఇప్పుడు ఏ మీటా నొక్కాల్సిన పని లేదు. లైన్లు వాటంతట అవే వచ్చేవి. నేను వాటిని అంతగా చదివేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోతే కింది మాటలు మెట్ల మీదుగా పైకి వినబడతాయి. మర్రిపాడు నుంచి వచ్చిన వ్యాపారి ఎవరో అంటున్నాడు: "పైన టైపు కొట్టేది కిరస్తానం పిల్లంట గదా. దేవుణ్ణి తీసి పారేసిందంట?"

"ఎవురు చెప్పినారబ్బా నీకు?" షావుకారు గారి గొంతు. "ఆ పిల్ల తీయలా. నేను తీయమంటే తీసింది. గీసింది గూడా ఆ పిల్లే. నాలుగు చేతులూ నాలుగు తీర్లుగా, ఎంత బాగా గీసిందో. నువ్వు చూడలా."

"అట్టనా?"

"ఇంకేంది మరి. తెలీకుండా మాట్లాడబాక."

ఆ తర్వాత మాట దుప్పట్ల మీదికి పోయింది.

నేను కుర్చీలోంచి లేవలేదు. కిందికి దిగి ఏదో ఒకటి అనాలనిపించింది. ఇంకో ఏడాది అక్కడ పనిచేశాను. ఆ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నేను విన్నానని ఆయనకూ తెలియదు. కరెంటు వచ్చాక స్విచ్ వేసి, పేరు కొట్టి, సీతారామపురం వాళ్ల శుభలేఖలో మిగిలిన సగం పూర్తి చేశాను.